కాక అహింస, కోతుల సకినాలు

మోకాళ్లు సరిగా వంగి ఉంటే మా కాక తత్త్వం జోలికి పోయేవాడే కాదు. కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యాక, భద్రకాళి చెరువు దగ్గర పొద్దున పూట జరిగే యోగా క్లాసులో చేరాడు. వజ్రాసనంలో కూర్చోవడం వరకు ఎలాగో అయ్యింది. లేపడానికే ఇద్దరు కావాల్సి వచ్చింది. సారు జాలిపడి, "మీరు ముందు యమ నియమాలు పట్టుకోండి, ఆసనం మూడో మెట్టు" అన్నాడట.

ఆ మాటతో కాకకు ప్రాణం లేచొచ్చింది. పతంజలి యోగసూత్రాలు 195 అని కొందరు, 196 అని కొందరు లెక్కపెడతారు. వాటిలో ఆసనం గురించి నేరుగా చెప్పినవి 3. "స్థిరంగా, సుఖంగా కూర్చోవాలె అన్నడు, గంతే. కుర్చీ వద్దన్నడా?" అని కాక వాదన. జూన్ 21న యోగా దినోత్సవమని మైదానాల్లో చాపలు పరిచేవాళ్లందరికంటే తానే అసలు యోగంలో ఉన్నానని ఆయన నమ్మకం. ఆ మాటకొస్తే కాదనడానికీ లేదు. యోగానికున్న ఎనిమిది అంగాల్లో మొదటిది యమమే: అహింస, సత్యం, అస్తేయం (దొంగిలించకపోవడం), బ్రహ్మచర్యం, అపరిగ్రహం (కూడబెట్టుకోకపోవడం).

అస్తేయంతో ఇబ్బంది రాలేదు. వాకింగ్ నుంచి వస్తూ ఎవరింటి గోడ మీది మందారాలో తెంపుకొచ్చే అలవాటు మానేశాడు, వాడకట్టు సంతోషించింది. అపరిగ్రహం కింద సజ్జ మీది పాత రేడియోలు పోయాయి, చిన్నమ్మ సంతోషించింది. ఈ వయసులో బ్రహ్మచర్యం గురించి ఎవరూ ఏమీ అనలేదు. మిగిలిన రెండే సంక్రాంతి మీద పడ్డాయి.

మా ఓరుగల్లు వైపు సకినాలు లేకుండా సంక్రాంతి లేదు. కొత్త బియ్యం నానబోసి, గిర్నీలో పట్టించి, నువ్వులు, వాము కలిపి, తడి పిండిని వేళ్లతో తిప్పుతూ బట్ట మీద చుట్టలు చుట్టాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, అందుకని చుట్టుపక్కల ఆడవాళ్లంతా ఒకరింటికి ఒకరు వెళ్తారు. ఆ రోజు మా డాబా మీద వంతు. కొన్ని వాయిలు కాల్చి గంపలో పోశారు, ఇంకొన్ని బట్ట మీద ఆరుతున్నాయి. అందరం తినడానికి కిందికి దిగుతుంటే, కాపలాకు కాకను కుర్చీలో కూర్చోబెట్టి చిన్నమ్మ ఆయన చేతికి గులేరు ఇచ్చింది. "రాయి పెట్టకు. ఊకె సాగదీసి చూపెట్టు, అవే పోతయి."

హన్మకొండలో కోతుల గురించి కొత్తగా చెప్పేదేముంది. పద్మాక్షి గుట్ట వైపు నుంచి గుంపు రానే వచ్చింది. కాక గులేరు ఎత్తబోయి ఆగాడు. హింస మూడు రకాలని పతంజలి చెప్పాడు కదా: స్వయంగా చేసేది, ఒకరితో చేయించేది, చేస్తుంటే చూసి ఒప్పుకునేది. గులేరు సాగదీస్తే మొదటిది. పక్క డాబా పిల్లగాణ్ని కేకేస్తే రెండోది. వాడంతట వాడే తరిమితే, "హమ్మయ్య" అనుకున్నా మూడోదే. ఇక మిగిలిన మార్గం కళ్లు మూసుకోవడం. మూసుకున్నాడు.

మేం పైకి వచ్చేసరికి గండు కోతి కాక కుర్చీ పక్కనే కూర్చుని, తీరిగ్గా సకినం విరుచుకుంటోంది. పిల్ల కోతులు బట్ట మీద పిండి గీరుతున్నాయి. చిన్నమ్మ చీపురు అందుకునే లోపు అన్నీ పిట్టగోడ దాటాయి. కాక మాత్రం వెలిగిపోతున్నాడు. "అహింస నిలబడ్డవాని దగ్గర వైరం ఉండదని సూత్రం ఉన్నది. చూసినవా? ఒక్కటన్న పళ్లు చూపియ్యలె!"

"వాటికి పళ్లతోని వేరే పనున్నది" అంది చిన్నమ్మ.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ పక్కింటామె గంపలోకి తొంగి చూసి, "కొన్ని మిగిలినయ్ గదన్నా" అంది. అహింస అయ్యాక సత్యం. "అవి నువ్వు చుట్టినవి చెల్లె. లావుగ ఉన్నయ్ గద, కోతులు కొరికి ఇడిసిపెట్టినయ్. నీ సకినాలు రాళ్లని మా ఇంటామె నిరుడే అన్నది."

డాబా మీద పొయ్యి ఆరింది. ఆడవాళ్లు ఎవరి పీటలు వాళ్లు తీసుకుని మెట్లు దిగారు. సంక్రాంతి ముంగిట చిన్నమ్మ మళ్లీ బియ్యం నానబోసింది. గిర్నీకి మోసింది కాక.

మరునాడు సారు సంగతి విని చాలాసేపు నవ్వి, అప్పుడు చెప్పాడట. యోగసూత్రాలకు వ్యాసభాష్యం ఉంది, మిగతా యమాలన్నిటికీ మూలం అహింసేనని అందులో ఉంది. మాట నిజమైనా ప్రాణులకు హాని చేస్తే అది సత్యం కిందికి రాదని కూడా ఉంది. పైగా ఆ వైరం సంగతి, అహింస గట్టిగా స్థిరపడ్డ యోగికి, సోమవారం మొదలుపెట్టినవాడికి కాదు. "గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా సారూ?" అని కాక బాధ.

పండుగ నాడు పక్కింటామె పళ్లెం నిండా తన సకినాలు పట్టుకుని స్వయంగా వచ్చింది. కాక ఎదురుగా నిలబడి, "తిను అన్నా. ఎట్లున్నయో నిజం చెప్పాలె" అంది. కాక ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. ఆ చప్పుడు వాకిట్లో ముగ్గు వేస్తున్న పిల్లలకూ వినిపించింది. చాలాసేపు నమిలి, చిన్నమ్మ వైపు చూసి, మెల్లగా పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"మౌనమా?" అంది చిన్నమ్మ. "అది ఎన్నో మెట్టో రేపు సారును అడిగి రా. ఇప్పుడైతే ఇంకోటి తిను."