మూడో వరుసలో బాబూ, లేవండి

నిన్న అన్నవరంలో జరిగిందిది. ఇప్పుడు కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. ఇందులోంచి ఎలా లేవాలో ఇంకా ఆలోచించలేదు.

ముందు సంగతులు గబగబా చెప్పేస్తాను. శ్రావణంలో నా పెళ్లయింది. వెంటనే అయిపోవాల్సిన సత్యనారాయణ వ్రతం సెలవులు కుదరక కార్తీకానికొచ్చింది. ఈ లోపు నేను జిమ్ మొహం చూడలేదు, డబ్బు మాత్రం ఏడాదికీ ముందే కట్టేసి ఉంది. పెళ్లండీ, రెండు నెలలు ఆపండి అని అడిగితే, "ఫ్రీజ్ చేసే సౌకర్యం మీ ప్లాన్‌లో లేదు సార్, దీని పై ప్లాన్‌లో ఉంది" అన్నారు. పెళ్లి కావలసినవాడు పై ప్లాన్ తీసుకోవాలని పెళ్లిళ్ల పేరయ్య కూడా చెప్పలేదు నాకు. సరే, కట్టినదాంట్లో కాస్తయినా రాబడదామని శుక్రవారం సాయంత్రం వైజాగ్‌లో జిమ్‌కి వెళ్లాను. శనివారం తునిలో అత్తగారిల్లు. ఆదివారం కొండ మీద వ్రతం.

మా ట్రైనర్ నన్ను చూడగానే "గ్యాప్ వచ్చేసింది సార్, ఇవాళ లెగ్స్ కొట్టేద్దాం" అన్నాడు. ఎల్లుండి వ్రతం బాబూ, కింద కూర్చోవాలి అన్నాను.

"కూర్చోడమేగా సార్, స్క్వాట్ అంటే అదే" అన్నాడు.

ఆ అబ్బాయి లెక్క గురించి రెండు ముక్కలు చెప్పాలి. పది చేయాలంటే ఎనిమిది దాకా సవ్యంగానే లెక్కపెడతాడు. తర్వాత "లాస్ట్ టూ" అంటాడు. ఆ రెండూ అయ్యాక "లాస్ట్ వన్" అంటాడు. అదీ అయ్యాక ఫోన్లోంచి తలెత్తి "ఎన్నయ్యాయి సార్?" అంటాడు. ఇలాంటివి ఐదు సెట్లు. ఆ పైన లెగ్ ప్రెస్.

శనివారం అత్తగారింట్లో కార్తీకం జోరుగా ఉంది. నా బరువు 78 కిలోలు. కిలోకి 1.6 గ్రాముల చొప్పున రోజుకి 125 గ్రాముల ప్రోటీన్ పడాలి. గుడ్డుకి 6 గ్రాములు. ఆ ఇంట్లో ఈ నెల గుడ్డు మాటెత్తితే నోరు పుక్కిలించుకుని రమ్మంటారు. అత్తగారు ప్రేమగా నాలుగోసారి పులిహోర వడ్డించారు. శనగపప్పు బద్దలు ఏరుకుని తిన్నాను. అప్పటికే మంచం దిగేటప్పుడు తొడలు పట్టేస్తున్నాయి. "కాళ్లేమైనా నొప్పా అల్లుడుగారూ?" అని అత్తగారు అడిగితే "అబ్బే, ఏం లేదండీ" అన్నాను. ఈ అబద్ధం గుర్తుంచుకోండి.

బరువు ఎత్తేటప్పటికన్నా మెల్లగా దించేటప్పుడే కండ ఎక్కువ దెబ్బతింటుంది. ఆ నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య మాంచి పాకాన పడుతుంది. శుక్రవారం సాయంత్రం ఆరు నుంచి ఆదివారం పొద్దున్న పదికి లెక్కేయండి. సరిగ్గా 40 గంటలు. ముహూర్తం పెట్టింది పంతులుగారో ట్రైనరో నాకు అనుమానమే.

పెద్ద హాలు. వరసల్లో జంటలు. మైకులో పంతులుగారు చెబుతుంటే అందరం ఒకేసారి చేస్తున్నాం. మేం మూడో వరుస. బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను, అంటే కూలబడ్డాను. నా ఉత్తరీయానికీ మా ఆవిడ చీరచెంగుకీ కొంగుముడి. కథలు ఐదూ శ్రద్ధగా విన్నాను, మరీ ముఖ్యంగా ఓడ కథ. ఓడలో ఏముంది నాయనా అని స్వామి మారువేషంలో వచ్చి అడిగితే, ఆ వర్తకుడు ఆకులూ అలములూ అని బొంకుతాడు. తీరా చూసుకుంటే సరుకంతా ఆకులూ అలములే అయి కూర్చుంటుంది. నాకు అత్తగారి ప్రశ్న గుర్తొచ్చింది. పంచె మీంచి తొడ నొక్కి చూసుకున్నాను. కాలు లేదక్కడ. తోటకూర కట్టేదో ఉంది.

"అందరూ లేచి ఆత్మప్రదక్షిణ చేసుకోండి" అన్నారు మైకులో.

హాలంతా లేచింది. నేను తప్ప.

లేవడం ఒక్క పని కాదని నాకక్కడ తెలిసింది. మొదట ముందుకి వంగాలి, ముందు కలశం ఉంది. తర్వాత ఒక మోకాలు పైకి తీసుకోవాలి. మోకాలికి కబురు పంపాను, అందినట్టు లేదు. చేతులు నేలకి ఆనించాలి, ఒక గుప్పిట్లో అక్షతలు, ఇంకో చేతిలో పువ్వు. పెళ్లికి ముందు అద్దంలో చూసుకుంటూ 100 కిలోలు భుజాన వేసుకుని లేచిన మనిషిని నేను. ఇక్కడ ఉన్నది ఉత్త 78, అదీ ఖాళీ కడుపుతో. మా ఆవిడ లేచి నిలబడింది కాబట్టి కొంగుముడి బిగిసి నా మెడ పైకి లాగుతోంది. చుట్టూ పట్టుపంచెలు, జరీ అంచులు. ఆ అడవిలో మోకాళ్లెత్తున నా తలకాయ ఒక్కటే.

"యాని కాని చ పాపాని జన్మాంతర కృతాని చ" అని శ్లోకం అందుకున్నారు. జన్మాంతరాల దాకా ఎందుకు స్వామీ, శుక్రవారం సాయంత్రానిది చూడు చాలు అనుకున్నాను.

"మూడో వరుసలో బాబూ, లేవండి" అన్నారు పంతులుగారు, పాపం చాలా మృదువుగా. మైకు మాత్రం మృదువుగా లేదు. అన్ని వరుసలూ మూడో వరుసని చూశాయి.

వెనకాల మావగారి బలగమంతా ఉంది. మా అల్లుడు కండలవీరుడండీ అని దారి పొడుగునా ఆయన చెప్పుకొచ్చింది వీళ్లకే. మా పిన్నత్తగారు గొంతు తగ్గించాననుకుని అత్తగారిని అడిగారు: "పెళ్లిచూపులప్పుడు అబ్బాయి లేచి నిలబడ్డాడంటావా అక్కా? మనం వెళ్లేసరికే సోఫాలో కూర్చునున్నాడు కదూ?"

అత్తగారు ఏమీ అనలేదు. ఆలోచిస్తున్నారు.

అప్పుడు పక్క వరుసలోంచి ఒక మామ్మగారు వచ్చారు. డెబ్భై ఏళ్లుంటాయి. మెట్లపూజ మొక్కట, ఒక్కో మెట్టుకీ వంగి పసుపూ కుంకుమా పెట్టుకుంటూ కొండంతా ఎక్కి వచ్చారు. వేళ్లకి పసుపు ఇంకా పచ్చగా ఉంది. నా చంకకింద చెయ్యేసి, "ఊఁ, లే నాయనా" అని ఒక్క ఊపులో నిలబెట్టేశారు. దీన్నే జిమ్‌లో స్పాటింగ్ అంటారు. దాని కోసమే నెల నెలా మా ట్రైనర్‌కి విడిగా ఇచ్చుకుంటున్నాను. ఆమె అక్షతలు కూడా అడగలేదు.

ఆత్మప్రదక్షిణ ఎలా చేశానంటే, ఊడవడానికి ఫ్రిజ్‌ని మూలలోంచి జరుపుతాం చూడండి, అలా.

ప్రసాదం తీసుకుని బయటికొచ్చాక, కార్లో ఎక్కాం కదా, దిగడమైనా మెట్ల మీద దిగుదాం అన్నారు అత్తగారు. ఇది భక్తో పరీక్షో తెలీదు. దెబ్బతిన్న తొడలకి ఎక్కడం కన్నా దిగడం నరకం. మొదటి మెట్టుకే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెనక్కి తిరిగి, రెయిలింగ్ పట్టుకుని, మొహం గుడి వైపు పెట్టి దిగి చూశాను. కాస్త నయంగా ఉంది. అలాగే దిగుతున్నాను.

ఎదురొస్తున్న ఒకావిడ ఆగింది. "ఇదేం మొక్కండీ?" అని మా ఆవిడని అడిగింది.

మా ఆవిడ నా వైపు చూసి, ఆమె వైపు చూసి, "స్వామికి వీపు చూపించకూడదనండీ" అంది.

పది మెట్లు దిగి తలెత్తి చూస్తే, పైన ఇంకో జంట మాకు వీపు చూపిస్తూ దిగుతోంది.