చందా కోశారు సరే, లెక్క ఏదీ?

మహారాష్ట్రలోని బల్లార్షా, సాస్తి, ఘుగ్గూస్ బొగ్గు గనుల్లో పనిచేసే మన తెలుగు కార్మికుల పే స్లిప్పులో పీఎఫ్, ఇన్‌కమ్ ట్యాక్స్ కోతల మధ్య యూనియన్ చందా కూడా కనిపిస్తుంది. మొత్తం చిన్నదే కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

ఆ కోతను మేము తప్పుపట్టడం లేదు. కార్మికుడు రాసిస్తేనే చందా కోయాలని చట్టం చెబుతోంది. 2023 మేలో కుదిరిన 11వ బొగ్గు వేతన ఒప్పందంలో దక్కిన 19 శాతం కనీస ప్రయోజనం చందా కట్టినవాడికీ అందింది, కట్టనివాడికీ అందింది. బేరమాడిన యూనియన్లకు ఖర్చులుంటాయి. వకీలు ఊరికే రాడు, కంపెనీ హెడ్ ఆఫీసున్న నాగపూర్‌కు ప్రయాణాలూ ఊరికే జరగవు. ‘ఎలాగూ వస్తుంది కదా, మనమెందుకు కట్టాలి’ అనేవారి తెలివితేటలు మాకు నచ్చవు. అమెరికాలో ప్రభుత్వోద్యోగులు యూనియన్‌లో చేరకపోయినా బేరసారాల ఖర్చు కింద ఫీజు వసూలు చేసే పద్ధతి ఉండేది. అక్కడి సుప్రీంకోర్టు 2018లో 5-4 తీర్పుతో దాన్ని కొట్టేసింది. మన దగ్గర చట్టం అలాంటి నిర్బంధమేదీ పెట్టలేదు. ఇక్కడ యూనియన్ బతికేది నమ్మకం మీదే.

ఆ నమ్మకం పలచబడుతోంది. ఒకప్పుడు జీతాల రోజున గని గేటు దగ్గర రసీదు పుస్తకంతో నిలబడే నాయకుడిని కార్మికుడు నాలుగు మాటలు అడిగేవాడు. క్వార్టర్ కురుస్తోందని, ప్రమోషన్ ఆగిందని తిట్టి మరీ డబ్బు చేతిలో పెట్టేవాడు. చెక్-ఆఫ్, అంటే కంపెనీయే చందా కోసి యూనియన్‌కు ఇచ్చే పద్ధతి, వచ్చాక చందా నేరుగా జీతంలోంచే పోతోంది. నాయకుడికి గేటు దాకా వచ్చే పని లేదు, తిట్లు తినే పని అంతకన్నా లేదు. ఆ కోతకు ఒప్పుకునే ఫారాల మీద సంతకాలు కావాల్సిన సీజన్‌లో మాత్రం అందరూ ప్రత్యక్షమవుతారు!

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం సభ్యుడికి లెక్కల పుస్తకాలు చూసే హక్కు ఇచ్చింది. ఏటా ఆడిట్ చేసిన లెక్కలు రిజిస్ట్రార్‌కు పంపాలంది. రాజకీయ ఖర్చులకు నిధి వేరుగా ఉండాలని, దానికి ఇవ్వమని సభ్యుడిని బలవంతపెట్టకూడదని కూడా చెప్పింది. దాని స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ నిబంధనలున్నాయి. ఇది ఎంతమంది కార్మికులకు తెలుసు? తెలిసినా, మరాఠీ, హిందీ కాగితాలతో కుస్తీ పట్టే మనవాళ్లలో ఆఫీసుకెళ్లి పుస్తకం చూపించమని అడిగేవారెందరు?

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌తో సభ్యుల సంఖ్యకు విలువ ఇంకా పెరిగింది. ఒకటికి మించి యూనియన్లున్న చోట మస్టర్ రోల్ (కంపెనీ హాజరు పట్టీ)లోని కార్మికుల్లో 51 శాతం మద్దతున్న సంఘానికే ఏకైక బేరసారాల హోదా. దాంతో సంతకాల పోటీ పెరుగుతుంది. మట్టి తవ్వే కాంట్రాక్టు కార్మికులు కంపెనీ మస్టర్‌లో ఉండరు గనుక వాళ్ల గోడు వెనక్కిపోతుందన్నది మా భయం. వాళ్ల దగ్గర చందా వసూలుకు ఇప్పటికీ రసీదు పుస్తకమే గతి. ఆ శ్రమకు ఎందరు నాయకులు సిద్ధం?

యూనియన్లను మేము కోరేది ఒక్క కాగితం. వచ్చే చెక్-ఆఫ్ ఫారంతో పాటు నిరుటి జమాఖర్చులు మరాఠీతో పాటు తెలుగులోనూ అచ్చువేసి ఇవ్వండి. కేసులకెంత, ప్రయాణాలకెంత, సభలకెంత, పై కమిటీకి పంపిందెంత అన్నది అందులో ఉండాలి. రాజకీయ నిధి ఉంటే దాన్ని విడిగా చూపండి. దీనికి కంపెనీ అనుమతి అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. ఆ కాగితం చేతికి వచ్చేదాకా ఫారం మీద సంతకం ఆపమని కార్మికులకు మా సూచన.