కలుపుకుని పోదాం రండి

ఈ నెలలో ఇది నాలుగోసారి. టీవీ పెట్టగానే ఎవరో ఒక నాయకుడు మైకు ముందు నిలబడి, కండువా సర్దుకుని, "పార్టీలో పెరిగిపోయిన కలుపు మొక్కలను ఏరిపారేస్తాం" అంటున్నాడు. కండువా రంగు మారుతుంది, మనిషి మారతాడు, మొక్క మాత్రం మారదు. నిన్న ఆ మాట అన్న పెద్దమనిషి చేతులు పరీక్షగా చూశాను. మెత్తగా, పత్తి ఏకినట్టు ఉన్నాయి. వేలికొక ఉంగరం: పగడం, నీలం, పుష్యరాగం. ఆ చేతులు ఒక్క పూట కలుపు తీసి ఉంటే నవగ్రహాలన్నీ ఈపాటికి ఏ మడిలోనో మొలకెత్తి ఉండేవి.

పోనీ, మాటవరసకు అన్నాడని సరిపెట్టుకుందాం. రెండు వారాలు తిరగకుండా అదే మైకు, అదే గొంతు: "మేం అందరినీ కలుపుకుని పోతాం." ఏరిపారేస్తామన్న మొక్క పక్క కుర్చీలోనే ఉంది. మెడలో కొత్త కండువా, చేతిలో పూలగుత్తి. దీన్ని మాట తప్పడం అని కొందరు అజ్ఞానులు నిందిస్తుంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. తరువాత తెలిసింది, ఇది వ్యాకరణం. తెలుగులో కలుపు నామవాచకమూ అవుతుంది, క్రియా అవుతుంది. చేలో కలుపు ఉంటుంది, అన్నంలో పప్పు కలుపుతాం, పాలవాడు పాలలో నీళ్లు కలుపుతాడు, వియ్యంకులు చేతులు కలుపుతారు. టిక్కెట్లు పంచేదాకా అది నామవాచకం, బలం చాలనప్పుడు క్రియ. భాషాభాగాలు తెలియని జనం ఓట్లు వేస్తే ఇలాంటి అపార్థాలే వస్తాయి.

అసలు కలుపంటే ఏమిటి? వ్యవసాయ పాఠాల్లో చెప్పేది చిన్న మాట: అక్కరలేని చోట మొలిచినది కలుపు. వరిమడిలో జొన్న మొలిస్తే జొన్నే కలుపు. అంటే నేరం మొక్కది కాదు, చోటుది. చేలో గరిక కనిపిస్తే రైతు తిట్టని తిట్టు ఉండదు. వినాయక చవితినాడు అదే గరికను కట్టగా కట్టి బుట్టలో పెడితే బేరమాడకుండా కొని కళ్లకద్దుకుంటాం. గట్టు మీద పంచెకు అంటుకుని విసిగించే ఉత్తరేణికి ఆ రోజు పత్రిలో పీట వేస్తాం. మెట్టచేలలో రైతు పీకి గట్టున పడేసే గునుగు, బతుకమ్మ నాటికి హైదరాబాదు బజారులో కట్టల లెక్కన అమ్ముడుపోతుంది. తుంగ సంగతి చెప్పనే అక్కరలేదు. పైన పీకితే ఆకు చేతికి వస్తుంది, లోపల గడ్డ నవ్వుకుంటుంది, వారం తిరగకుండా మళ్లీ తల ఎత్తుతుంది. ఆ గడ్డలే తుంగముస్తలు అన్న పేరుతో మూలికల కొట్లో తూకానికి అమ్ముతారు. గలిజేరు, గంగవాయిలి పప్పులో పడితే కూర, పడకపోతే కలుపు. జహీరాబాదు వైపు మెట్ట పొలాల ఆడవాళ్లను అడిగి చూడండి. ఎవరూ విత్తకుండా, ఎవరూ నీళ్లు పెట్టకుండా చేలో వచ్చే ఆకుకూరల పేర్లు వేళ్లు మడిచి చెబుతూ పోతారు. మన వేళ్లు చాలవు.

ఇక ప్రభుత్వమే విత్తిన కలుపు ఒకటుంది. 1877లో వంటచెరకు కొరత తీరుతుందని సముద్రాల అవతలి నుంచి ఒక తుమ్మ విత్తనాలు తెప్పించి, మన కడప జిల్లా కమలాపురంలో నాటించారు. అది కడపతో ఆగలేదు. చెరువు గర్భాలు, పోరంబోకు, బీళ్లు, రైలుకట్టలు, ఏవీ వదలలేదు. జనం దానికి సర్కారు తుమ్మ అని పేరు పెట్టారు. పేరులోనే ముద్దాయి ఉన్నాడు. అప్పుడు నాటించినదీ సర్కారే, ఇప్పుడు చెరువుగట్ల మీద దాన్ని కొట్టించడానికి టెండర్లు పిలిచేదీ సర్కారే. మధ్యలో బాగుపడిన వారిని ఏ మొక్కతో పోల్చాలో నాకు తోచడం లేదు. 1950ల్లో పూణె దగ్గర కనిపించి దేశమంతా పరుచుకున్న మరో గడ్డికి మనవాళ్లు వయ్యారిభామ అని పేరు పెట్టారు. తాకితే దద్దుర్లు, పీలిస్తే తుమ్ములు, ఉబ్బసం. అయినా వయ్యారిభామే! తెలుగువాడి మర్యాదకు ఇంతకన్నా సాక్ష్యం ఉండదు.

కలుపు మొక్క పాతబడినప్పుడు నాయకులు వాడే రెండో మొక్క గంజాయి. "తులసివనంలో గంజాయి మొక్క." వనం ఎవరిదో, అందులో తులసి ఎన్ని దుబ్బులుందో అడిగిన విలేకరిని నేను ఇంతవరకు చూడలేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం లెక్కన గంజాయి అంటే పూత, కాత ఉన్న కొమ్మలే. కొమ్మ లేకుండా ఉత్త ఆకు, ఉత్త గింజ అయితే గంజాయి కిందికి రావు. 20 కిలోలు దాటి దొరికితే పదేళ్లకు తక్కువ కాని జైలు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండదారిలో నెత్తిన మూటతో దొరికేది ఒక గిరిజన కుర్రాడు. మూట ఎవరిదో మాత్రం దొరకదు. మూట మోసినవాడు మొక్క, మోయించినవాడు వనం.

మా మిత్రుడొకడు న్యూజెర్సీలో కూతురి దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చాడు. అక్కడ 2022 ఏప్రిల్ నుంచి ఇరవయ్యొక్కేళ్లు నిండిన ఎవరికైనా గంజాయిని దుకాణంలో అమ్ముతున్నారు. దానిని అందరూ ముద్దుగా వీడ్ అంటారు, అంటే కలుపు. ఒక రోజు కాలనీ సంఘం వారి నుంచి ఉత్తరం వచ్చింది: మీ ఇంటి ముందు పచ్చికలో వీడ్ ఉన్నది, పది రోజుల్లో తీయకపోతే జరిమానా. మావాడికి చెమటలు పట్టాయి. అల్లుడిని అనుమానంగా చూశాడు. రాత్రంతా నిద్రపోలేదు. తెల్లవారి బయటికి వెళ్లి చూస్తే గంగవాయిలి! చెల్లెమ్మ అప్పటికే కొంగు నిండా కోసుకుని పప్పుకు పెట్టేసింది. తమాషా ఏమిటంటే, అమ్మకాలకు దారి తీసిన ఆ రాష్ట్ర చట్టం ఇంటి పెరట్లో ఒక్క గంజాయి మొక్క పెంచుకోవడానికి ఒప్పుకోలేదు. మావాడు తేల్చిన ధర్మసూక్ష్మం ఇది: "అక్కడ ఏ కలుపైనా అమ్మితే తప్పు లేదురా, మొలిస్తేనే తప్పు."

అసలు సంగతికి వస్తాను. రెండేళ్ల కిందట ఆగస్టులో మా అత్తగారి ఊళ్లో ఒక నాయకుడు స్వయంగా కలుపు తీశాడు. నా కళ్లతో చూశాను.

ఆయన రైతుబిడ్డ. ఆ సంగతి ముందు రోజే ఫ్లెక్సీలు చెప్పాయి. రైతుబిడ్డ కాలు జారకుండా గట్టు మీద ఇసుక పోశారు, ఇసుక మీద ఆకుపచ్చ తివాచీ పరిచారు. వరి పచ్చకీ తివాచీ పచ్చకీ పొత్తు కుదరలేదని ఫొటోగ్రాఫరు అంటే, అది తీసి కల్యాణ మండపం నుంచి ఎర్రది తెచ్చారు. ఎనిమిది మంది ఆడకూలీలను పొద్దున ఏడింటికే మడిలో దించారు. దించి, సార్ వచ్చేదాకా ఒక్క గడ్డిపరక కూడా పీకవద్దన్నారు. అంతా తీసేస్తే ఆయనకు ఏం మిగులుతుంది? పదకొండున్నర దాకా పిక్కల లోతు బురదలో వాళ్లు ఊరికే నిలబడ్డారు. చీరలు కొత్తవి. ముందు రోజు రాత్రి ఎవరో పంచారు, అన్నీ ఒకే రంగు.

ఆయన వచ్చాడు. ఇద్దరు మనుషులు కూర్చుని చెరొక కాలు చొప్పున ప్యాంటు మడిచారు. మూడో మనిషి గొడుగు పట్టాడు. ఆయన మడిలో దిగి, వంగలేక వంగి, ఒక దుబ్బు పట్టుకుని లాగాడు. రాలేదు. "నేల గట్టిగా ఉంది సార్" అన్నాడు గట్టు మీది అధికారి, నీళ్లు నిలిచిన మడిని చూస్తూ. రెండు చేతులతో లాగాడు. ఈసారి వచ్చింది. వేళ్ల నుంచి బురద కారుతుంటే దాన్ని తలపైకి ఎత్తి పట్టుకున్నాడు. కెమెరాలు చిటపటలాడాయి.

పక్కనే ఉన్న పెద్దామె మెల్లగా అంది: "అయ్యా, అది వరి."

కప్పలు కూడా ఊరుకున్నాయి. అధికారి ఆకాశం వైపు చూసి వాన వచ్చేలా ఉందన్నాడు. అప్పుడు వెనకనుంచి ఒక అనుచరుడు, భవిష్యత్తు ఉన్నవాడు, గొంతెత్తి అరిచాడు: "సార్ పీకారంటే అది కలుపే!"

చప్పట్లు. జిందాబాద్‌లు. ఇరవై మంది మడిలోకి దూకారు. సార్ ఏ రకం పీకాడో అదే రకం వెతికి వెతికి పీకారు. వాళ్ల నిష్ఠను శంకించలేం. పది నిమిషాల్లో నాలుగు సెంట్ల మడి నున్నగా అయింది. అసలు కలుపైన ఊద గడ్డి ఒక్కటి కూడా పోలేదు. గాలికి హాయిగా తల ఊపుతూ నిలబడింది. ఆ చేను రైతు గట్టు మీద చేతులు కట్టుకుని ఉన్నాడు. మరునాడు పత్రికలో వచ్చిన ఫొటోలో అతను నవ్వుతున్నట్టే కనిపిస్తాడు.

అంతా వెళ్లాక పెద్దామెను అడిగాను, రెండూ ఒకేలా ఉంటాయి కదా, ఎలా పోల్చుకుంటావమ్మా అని. ఒక వరి పిలక, ఒక ఊద పిలక తెచ్చి నా అరచేతిలో పెట్టింది. ఆకును కాండం నుంచి కొంచెం వెనక్కి వంచింది. వరికి ఆ మొదట్లో పలుచని తెల్లటి పొర, చీలిన నాలుకలా ఉంది. ఊదకు అక్కడ ఏమీ లేదు, నున్నగా ఉంది. "నాలుక ఉంటే వరి, లేకపోతే ఊద" అంది. పొలాల్లో ఇంతే తేలిక. మనుషుల్లో లెక్క తిరగబడుతుంది. నాలుక ఉన్నవాళ్లంతా మైకు దగ్గర ఉన్నారు.

ఆ పూట కూలి ఎవరిచ్చారని అడిగాను. నిలబడ్డదానికి కూలి ఏమిటి, పని చేయలేదు కదా అన్నారట. చీర ఇచ్చారు కదా అన్నారట.

నాలుగున్నర గంటలు బురదలో నిలబడటం పని కాదు! వంగి తీసినప్పుడు మాత్రం? కలుపు తీయడం తేలిక పనని ఎవడో ఎప్పుడో తీర్మానించాడు. అందుకే అది ఆడవాళ్ల పని అయింది, ఆడవాళ్ల పని కాబట్టి మగవాడి కూలి కన్నా తక్కువ కూలి అయింది. ఆ తీర్మానం చేసినవాణ్ణి ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట, వీపు మీద వాన పడుతుండగా నడుము వంచి సాళ్ల వెంట నడిపించాలి. కాలివేళ్ల సందులు నీళ్లలో నాని ఒరిసిపోవాలి. గోళ్లలో బురద చేరి చీము పట్టాలి. చేలో చాటు ఉండదని పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగకుండా ఉండాలి. సాయంత్రం ఇంటికి పోయి, నడుం వాల్చకుండా, పొయ్యి ముందు మళ్లీ వంగాలి. ఆ తరువాత టీవీ పెట్టి, "కలుపు ఏరిపారేస్తాం" అని ఎవడో నవ్వుతూ అంటుంటే వినాలి.

ఆ నడుములకు జవాబుగా వచ్చింది గడ్డిమందు. గడ్డిమందును తట్టుకునే పత్తి విత్తనానికి ఈ దేశంలో అనుమతి లేదు. ఊళ్లో మాత్రం దొరుకుతుంది, బిల్లు ఉండదు. గ్లైఫోసేట్ అనే గడ్డిమందును కేంద్రం 2022 అక్టోబరులో కట్టడి చేసింది. ఎలా? పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు మాత్రమే చల్లాలట. పట్నంలో వంటగదుల్లో బొద్దింకల మందు కొట్టే మనిషి బస్సెక్కి వచ్చి ఆదిలాబాదు పత్తిచేలో డబ్బా వీపున తగిలించుకుంటాడని ఆ ఉత్తర్వు రాసినవారి నమ్మకం. పారాక్వాట్ అని మరొకటి ఉంది. విరుగుడు లేని విషం. 2007లోనే ఐరోపా సంఘం తలుపు మూసింది. మన పల్లెల్లో మాత్రం ఏళ్ల తరబడి దాన్ని ఎరువుల కొట్టు అరల్లో పెట్టి, అప్పుకు కూడా అమ్ముతూ వచ్చారు. ఎంతమంది పిల్లల్ని, ఎంతమంది రైతుల్ని ఆసుపత్రుల్లో వైద్యులు చేతులు కట్టుకుని చూస్తూ ఉండిపోయారో వాళ్లనే అడగండి. ఏరిపారేయవలసింది ఎక్కడ ఉందో ఈ మైకులకు తెలియదా? తెలుసు. అది నామవాచకమని తెలుసు, దానితో చేతులు కలుపుకున్నారు కాబట్టి మాట్లాడరు.

ఆ రోజు కార్లు వెళ్లిపోయాక ఎర్ర తివాచీ చుట్టేశారు. ఆడవాళ్లు ఎనిమిది మందీ కొత్త చీరల కుచ్చెళ్లు పైకి దోపుకుని, తొక్కిడిలో నలగకుండా మిగిలిన వరి దుబ్బులను ఏరి, కడిగి, మళ్లీ నాటడం మొదలుపెట్టారు. దానికీ కూలి లేదు. "పచ్చిది కదా బాబూ, ఎండలో పడేసి పోబుద్ధి కాలేదు" అంది పెద్దామె, తల ఎత్తకుండానే. పొద్దు గుంకేసరికి నాలుగు సెంట్లలో మూడు సెంట్ల పైచిలుకు నిండింది. మిగతాది ఖాళీగానే ఉండిపోయింది. పార్టీ ఆఫీసులో చూపించడానికని రెండు కట్టలు కారు డిక్కీలో వేసుకుపోయారు.