మనసుకు చేటు చేసేది నగరమా, నగరంలోని ఫలానా పడకగదా?

నగరవాసానికీ మానసిక రుగ్మతలకూ లంకె ఉందన్న మాట కొత్తది కాదు. షికాగోలో స్కిజోఫ్రీనియా (భ్రమలు కలిగి, లేని మాటలు వినిపించే తీవ్ర మానసిక జబ్బు) కేసులు నడిబొడ్డున ఎక్కువగానూ, శివార్లకు వెళ్లేకొద్దీ తక్కువగానూ ఉన్నాయని సామాజిక శాస్త్రవేత్తలు ఫారిస్, డన్‌హామ్ 1939లోనే చూపించారు. అప్పుడే ఒక పేచీ మొదలైంది. నగరం జబ్బు తెచ్చిందా, లేక జబ్బుతో బతుకు చితికినవాళ్లు అద్దె తక్కువని అక్కడికి చేరారా?

డెన్మార్క్ జనాభా రిజిస్టర్ల ఆధారంగా 2001లో వచ్చిన అధ్యయనం ఈ చిక్కుముడిని కొంత విప్పింది. తొలి 15 ఏళ్లూ రాజధానిలో పెరిగినవారికి, పల్లెల్లోనే పెరిగినవారితో పోలిస్తే స్కిజోఫ్రీనియా ముప్పు 2.75 రెట్లు. అవి సాధారణంగా జబ్బు బయటపడని ఏళ్లు, కాబట్టి జబ్బు వల్లే అక్కడికి చేరారనడం కష్టం. అయినా బెంబేలెత్తక్కర్లేదు. నూటికి ఒకరికి కూడా రాని జబ్బు అది, ఇన్ని రెట్లు పెరిగినా ఎక్కువమందికి రాదు. పైగా 42 అల్ప, మధ్యాదాయ దేశాల వివరాలతో 2018లో చేసిన పరిశీలనలో ఈ లంకె కనిపించనేలేదు. అంటే ‘నగరం’ అన్నది కారణం కాదు, కొన్ని కారణాలను కట్టిన మూట. విప్పి చూడాల్సిందే.

అందులో మన చేతిలో కాస్తయినా ఉన్నది రాత్రి శబ్దం. నిద్ర చెడితే కుంగుబాటు, ఆందోళన రెండూ ముదురుతాయి. రోడ్డు శబ్దం రాత్రి సగటున 45 డెసిబెల్‌లు (శబ్ద తీవ్రత కొలత) దాటొద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో చేసిన సిఫార్సు. కానీ సగటు మోసం చేస్తుంది. పది నిమిషాలకో లారీ వెళ్లే వీధిలో సగటు తక్కువగానే ఉంటుంది, మెలకువ మాత్రం ఏ లారీకైనా రావచ్చు. వాహనాలు సగానికి తగ్గినా తగ్గేది 3 డెసిబెల్‌లే. చెవికి శబ్దం సగమైనట్టు అనిపించాలంటే వాహనాలు పదో వంతుకు తగ్గాలి.

దళసరి కర్టెన్లతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. శబ్దం దూరేది సందుల్లోంచి. కిటికీ వైశాల్యంలో నూరో వంతు ఖాళీ ఉన్నా, అద్దం ఎంత మందమైనదైనా 20 డెసిబెల్‌లకు మించి ఆపలేదు. రెక్కల అంచులకు రబ్బరు పట్టీ వేస్తే ఆ సందు మూసుకుంటుంది, గాలి కూడా ఆగిపోతుంది. అందుకే మంచాన్ని రోడ్డు వైపు గది నుంచి వెనక గదికి మార్చడమే మేలు. అద్దె ఇల్లు వెతికేవాళ్లు పగలు చూసి అడ్వాన్స్ ఇచ్చేయకుండా, రాత్రి పదకొండు దాటాక ఓసారి పడకగదిలో పావుగంట కూర్చుని రావాలి.