అట్టముక్క మీద నూనె చుక్క

(గుంటూరు బ్రాడీపేటలో ఒక డాబా ఇల్లు. గేటు లోపల 2008 నాటి శాంత్రో. ఇప్పటికి 1,64,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంజన్ కింద నూనె చుక్కల కోసం పాత ఫ్రిజ్ డబ్బా చింపి వేసిన అట్టముక్క. పై వాటాలో అద్దెకుండేది నేనే. ఇదంతా విన్నాను అనడం కన్నా, వినక తప్పలేదు అనడం న్యాయం.)

కనకం: ఏవండీ, శనివారం శ్రీశైలం ప్రయాణం. బండి ఒకసారి మెకానిక్‌కి చూపించరూ?

భాస్కరం: ఏం, జ్వరం వచ్చిందా దానికి?

కనకం: వచ్చాక చూపించేదేముంది? దోర్నాల దాటితే అంతా అడవి. ఘాట్ మీద ఆగిపోతే ఫోను కలవదు. రాత్రి 9 దాటితే అడవి గేటు కూడా వేసేస్తారు.

భాస్కరం: నా బండి ఆగడమా? ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆగిందా?

కనకం: చిలకలూరిపేట దగ్గర?

భాస్కరం: అది పెట్రోలు అయిపోయి. ఇంజన్ తప్పు కాదు.

కనకం: వినుకొండలో?

భాస్కరం: అక్కడ నేనే ఆపాను.

కనకం: బానెట్లోంచి ఆవిరి బుస్సుమంటుంటే ఎవరైనా ఆపుతారు.

భాస్కరం: అదీ మంచికే జరిగింది. ఆ రోడ్డు పక్క కుర్రాడు థర్మోస్టాట్ పీకి పారేశాడు. ఆ తర్వాత వేడి చూపించే సూది పైకి లేచిందా?

కనకం: ఎక్కడ లేచిందీ! అరగంట నడిపినా కిందే అంటుకుని ఉండేది. మా నాన్న ముప్పై ఏళ్లు లారీ తోలాడు, ఆయనైతే...

భాస్కరం: వచ్చారు, మామగారు వచ్చేశారు. లారీ ఎక్కకుండా నీకు మాట మొదలవదు.

కనకం: ఇంజన్‌కి కాస్త వేడి ఉండాలండీ. ఆ థర్మోస్టాట్ నీళ్ల దారికి తలుపు లాంటిది. ముందు మూసుకుని ఉండి, 80 డిగ్రీలు దాటాక తెరుచుకోవాలి. తలుపే పీకేస్తే ఇంజన్ వేడెక్కడానికి బోలెడంత సేపు పడుతుంది. అందాకా పెట్రోలు తాగుతూనే ఉంటుంది.

భాస్కరం: తాగుతోందా? లీటరుకి 13 ఇచ్చేది, నెల రోజుల్నుంచి 15 ఇస్తోంది! ఎవరి వల్ల? నా కాలి వల్ల. నేను ఆక్సిలరేటర్ మీద కాలు వేశానంటే పసిపిల్ల బుగ్గ మీద వేసినట్టే.

కనకం: పసిపిల్ల బుగ్గ మీద కాలేమిటండీ!

భాస్కరం: మాట వరసకి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే కీచుమని అరిచేది గుర్తుందా? ఇప్పుడు అరుస్తోందా? మానేసింది. వయసొచ్చింది కదా, దానంతటదే బుద్ధి తెచ్చుకుంది.

(ఇది నిజమే. ఆ కీచుతోనే నేను నిద్ర లేచేవాణ్ని. ఈ నెలలో రెండుసార్లు ఆఫీసుకి ఆలస్యమయ్యాను.)

కనకం: ఆహా.

భాస్కరం: ఇదిగో, అట్ట చూడు. రోజుకి నాలుగు చుక్కలు కారేది. ఇప్పుడు? పాత మరకలే తప్ప కొత్తది ఒక్కటి లేదు. పుండు మానినట్టు మానిపోయింది.

కనకం: లోపల నూనె అయిపోయినా కారదు. డిప్‌స్టిక్ తీసి చూశారా?

(భాస్కరం గారు రోషంగా బానెట్ ఎత్తారు. డిప్‌స్టిక్ లాగి, పాత బనీనుతో తుడిచి, మళ్లీ ముంచి తీశారు.)

భాస్కరం: చూడు. రెండు గీతల మధ్య, పై గీతకి దగ్గరగా ఉంది. రంగు చూస్తే తేనె... ఇది నల్లగా ఉండాలే?

కనకం: నల్లగా ఉంటే పాడైనట్టు కదా?

భాస్కరం: కాదే! మురికిని తనలో కలుపుకోవడమే దాని పని, నల్లబడకపోతేనే అనుమానించాలి. నూనె మార్చాలా వద్దా అన్నది తిరిగిన కిలోమీటర్లు చూసి చెప్పాలి గానీ రంగు చూసి కాదు.

(ఈ ఒక్క విషయంలో ఆయన చెప్పింది కరెక్టు. అందుకే ఎక్కువసేపు చెప్పారు.)

కనకం: మరి ఇది నల్లగా ఎందుకు లేదంటారు?

భాస్కరం: మంచి నూనె పోశాను కాబట్టి.

కనకం: సరే. టైమింగ్ బెల్టు సంగతేంటి?

భాస్కరం: దానికేమైంది?

కనకం: పుస్తకంలో రాసిన కిలోమీటర్లు ఎప్పుడో దాటింది. కింద పిస్టన్లు తిప్పే షాఫ్టుకీ, పైన వాల్వులు తెరిచే షాఫ్టుకీ మధ్య ఉండే పళ్ల బెల్టు అది. కింద రెండు చుట్లు తిరిగితే పైన ఒక చుట్టు తిరగాలి. పాటకీ మృదంగానికీ తాళం కుదిరినట్టన్నమాట. అది తెగితే కచేరీ అక్కడితో సరి. చాలా ఇంజన్లలో పిస్టన్ పోయి వాల్వుని గుద్దుతుంది. అప్పుడు ఇంజన్ పైభాగం, అదే హెడ్డు, విప్పాల్సిందే.

భాస్కరం: తెగేముందు ఏదో చప్పుడు చేస్తుందిగా, అప్పుడు చూద్దాం.

కనకం: అరిచేది ఫ్యాన్ బెల్టు. ఇది మీ అక్కయ్య లాంటిది, చెప్పాపెట్టకుండా ఊడిపడుతుంది.

భాస్కరం: మధ్యలో మా అక్కయ్య ఏం చేసిందే? అసలు పాడవ్వని దాన్ని బాగుచేయడమేంటి? పుచ్చని పన్ను పీకించుకుంటామా?

కనకం: పుచ్చకూడదనే కదండీ రోజూ తోముకునేది.

భాస్కరం: ఆ బెల్టు ఇంకో 50,000 తిరుగుతుంది. పందెం! దాని మీద ఒక్క పగులు చూపించు, మొత్తం ఖర్చు నాది. పైన నీకు మంగళగిరి పట్టుచీర.

కనకం: (పైకి చూసి) విన్నావా తమ్ముడూ?

(విన్నానండీ అన్నాను. అనకపోతే అద్దె పెరుగుతుంది.)

(కనకం గారు లోపలికెళ్లి బియ్యం డబ్బా వెనకనుంచి న్యూస్ పేపరు పొట్లం తెచ్చారు. విప్పితే నల్లటి పళ్ల పట్టీ. వెనక్కి వంచి చూపించారు. వేసవిలో చెరువు అడుగులా వీపంతా పగుళ్లు. ఒక అంచున దారాలు లేచాయి. రెండు పళ్లు ఎలుక కొరికినట్టు సగమే ఉన్నాయి.)

భాస్కరం: ఎవరిదిది?

కనకం: మనదే. పోయిన నెల మీరు మీ అక్కయ్యగారి గృహప్రవేశానికని వైజాగ్‌లో నాలుగు రోజులున్నారే, అప్పుడు తీయించా. బెల్టుతోపాటు టెన్షనర్...

భాస్కరం: అదేంటి?

కనకం: బెల్టు వదులవకుండా బిగించి పట్టుకునేది. దాని టెన్షన్ మీకెందుకులెండి. ఇంకా ఫ్యాన్ బెల్టు, నూనె కారకుండా ఆపే టాపెట్ కవర్ ప్యాకింగ్, థర్మోస్టాట్, ఆయిలు, ఫిల్టరు, కూలెంట్. మీరు పోసిన బోరు నీళ్లు రేడియేటర్లోంచి తుప్పుపట్టి, టీ డికాషన్‌లా దిగాయి.

భాస్కరం: అంటే ఆ కీచు... ఆ చుక్కలు... లీటరుకి 15... మరి నా కాలు?

కనకం: మీ కాలు కూడా మంచిదేనండి.

భాస్కరం: ఎంతైంది?

కనకం: 8,600. నా చీటీ డబ్బులు. చీర వేరే.

భాస్కరం: అన్నీ అయిపోయాక చూపించమని అడగడమెందుకే?

కనకం: మీరు సరేనంటే డబ్బులు అడక్కుండా ఊరుకుందామనుకున్నా.

(భాస్కరం గారు మాట్లాడకుండా అట్ట మడిచి చంకలో పెట్టుకున్నారు. ఇంతలో ఎదురింటి రిటైర్డ్ మాస్టారు గేటు దగ్గర ఆగి, "ఈ బండితో శ్రీశైలమా భాస్కరం, లాగుతుందా?" అన్నారు.)

భాస్కరం: లాగకేం మాస్టారూ! ముందుజాగ్రత్తగా అన్నీ మార్పించేశా. ముఖ్యంగా టైమింగ్ బెల్టు. దాంతో జాగ్రత్తగా ఉండాలండీ. చెప్పాపెట్టకుండా ఊడిపడుతుంది, అచ్చం మా అక్కయ్యలా...