కంప్యూటర్లను గోడకు జరపండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా హైస్కూళ్లలో కంప్యూటర్ ల్యాబు తలుపు తీస్తే కనిపించేది ఒకటే అమరిక. బల్లలన్నీ బోర్డు వైపు వరసగా, మానిటర్ల మీద గుడ్డ కవర్లు, మూలన యూపీఎస్. తరగతి గదికే వైర్లు తగిలించాం, అంతే. అందుకే అక్కడ కూడా పక్కవాడితో మాట్లాడితే అల్లరి కింద లెక్క.

కంప్యూటర్లు చాలడం లేదని ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నాం. న్యాయమైన మొరే. కేంద్రం 2004లో బడుల్లో కంప్యూటర్ చదువు కోసం ఐసీటీ పథకం మొదలుపెట్టిన నాటి నుంచి చర్చంతా బడికి ఎన్ని పెట్టెలన్న దాని చుట్టూనే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల బాగుకు పెట్టిన నాడు-నేడు పుణ్యమా అని పెద్ద టచ్ ప్యానెళ్లు, 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు కూడా వచ్చాయి. ట్యాబు ఒక్కడి చేతిలో వస్తువు, ప్యానెల్ టీచరు చేతిలో వస్తువు. నలుగురూ కూడి పనిచేసే చోటే లేకుండా పోయింది.

ముగ్గురికి ఒక కంప్యూటరు అంటే నాకు కొరతలా అనిపించదు. 1999లో విద్యా పరిశోధకుడు సుగతా మిత్రా ఢిల్లీ కాల్కాజీలో గోడకు ఒక కంప్యూటరు బిగించి వదిలేస్తే, మురికివాడ పిల్లలు గుమిగూడి ఒకరికొకరు చెప్పుకుంటూ నేర్చుకున్నారు. బలమున్న మగపిల్లలే ముందు నిలబడ్డారని, ఆడపిల్లలు వెనకబడ్డారని దాని మీద విమర్శలూ వచ్చాయి. మన దగ్గరా అంతే. మౌస్ దొరికినవాడు బెల్లు కొట్టేదాకా వదలడు. మధ్యలోవాడు అది నొక్కు, ఇది నొక్కు అంటుంటాడు. చివర స్టూలు అంచున సర్దుకుని కూర్చున్న పాపకు కిటికీ వెలుగు పడి తెర తెల్లగా తప్ప ఏమీ కనిపించదు.

కంప్యూటర్లను గోడల వెంట పెడితే సగం చిక్కు తీరుతుంది. ప్లగ్ పాయింట్లు సాధారణంగా అక్కడే ఉంటాయి, కాళ్లకు వైర్లు తగలవు. తెర కిటికీకి ఎదురుగా రాకూడదు. కిటికీ కింద కూడా వద్దు, 2018లో తిత్లీ తుపానును చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గది మధ్యలో ఒక వట్టి బల్ల, దాని మీద కాగితాలు, పెన్సిళ్లు. టీచరు అక్కడ నిలబడితే అన్ని తెరలూ కనిపిస్తాయి. పది నిమిషాలకోసారి మౌస్ చేతులు మారాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పెయిర్ ప్రోగ్రామింగ్ అని ఒకరు కోడ్ రాస్తుంటే ఇంకొకరు పక్కన కూర్చుని తప్పులు పడతారు. ఇక్కడ మూడోవాళ్లు బల్ల దగ్గర తర్వాతి మెట్టు రాసుకుంటారు.

పని కూడా ముగ్గురికి సరిపడేది కావాలి. పెయింట్‌లో ఇల్లు గీయడానికి ముగ్గురెందుకు? పొందూరు పక్క బడి అయితే, వాలుగ చేప దవడతో పత్తిని ఎలా దువ్వుతారో నూలు వడికే మామ్మను ఒకరు అడిగి రావాలి, ఒకరు టైపు చేయాలి, ఒకరు ఖాదీ ధరల పట్టిక వేయాలి. అదీ తెలుగులో. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డులో ఒత్తు పడాలంటే డి మీట నొక్కాలని ఒకరు కనిపెట్టారంటే చాలు, టీచరు నోరు తెరిచేలోపు గదంతా తెలిసిపోతుంది.

ఈ గోలకు హెడ్మాస్టర్లు భయపడతారు. భయపడాల్సింది గోలకు కాదు, టైంటేబులుకు. ఒక్క పీరియడ్ ఇస్తే చెప్పులు విప్పి, కంప్యూటర్లు ఆన్ అయ్యేసరికే చాలా భాగం పోతుంది. వారానికి ఒకసారైనా సరే, రెండు పీరియడ్లు కలిపి ఇవ్వాలి. పదో తరగతి జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు. సంక్రాంతి దాటితే వాళ్లను ల్యాబుకు పంపేవాళ్లే ఉండరు. ఎనిమిది, తొమ్మిదితో మొదలుపెడితే మేలు.