సవరణ: 1962 తీర్పు గురించి

అమెరికాలో మతాన్ని, ప్రభుత్వాన్ని వేరుగా ఉంచడంపై మొన్న రాసిన పోస్టులో "1962లో సుప్రీంకోర్టు బడుల్లో ప్రార్థనను నిషేధించింది" అన్నాను. అది తప్పు. ఎక్కడో చదివింది సరిచూసుకోకుండా రాసేశాను.

ఈసారి తీర్పు పాఠమే తెరిచి చదివాను. ఎంగెల్ వర్సెస్ విటాలె కేసులో కోర్టు కొట్టేసింది ప్రభుత్వం రాసిచ్చిన ప్రార్థనను. న్యూయార్క్ రాష్ట్ర విద్యామండలి ఇంగ్లిష్‌లో 22 మాటల చిన్న ప్రార్థన తయారుచేసింది. రోజూ క్లాసులో పైకి చెప్పాలి. ఇష్టం లేని పిల్లలు ఊరుకోవచ్చు, బయటికీ వెళ్లొచ్చు. (ఈ వెసులుబాటు ఉందని నాకు అస్సలు తెలియదు.) అయినా సరే, ప్రార్థనలు రాయడం ప్రభుత్వం పని కాదంటూ 6-1తో తీర్పు వచ్చింది. పరీక్ష ముందు టెన్షన్‌తో తనకు తానే దండం పెట్టుకునే పిల్లాడి జోలికి అది పోలేదు.

ఇంకోటి. మతానికీ ప్రభుత్వానికీ మధ్య "విభజన గోడ" అని ఆ పోస్టులో నేను వాడింది అమెరికా రాజ్యాంగంలోని మాట అని కొందరు అనుకున్నారు. కాదు, 1802లో అప్పటి అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ డాన్‌బరీ ఊరి బాప్టిస్టులకు (ఒక క్రైస్తవ శాఖవాళ్లకు) రాసిన ఉత్తరంలోది. మతం విషయంలో ప్రభుత్వానికి హద్దులు పెట్టే రాజ్యాంగ మొదటి సవరణలో "గోడ" అన్న మాట లేదు.

పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను.